గదులు ఎక్కువున్న ఇల్లా, పెరడున్న ఇల్లా? హనుమకొండ కుటుంబానికి ఒక సమాధానం

అడిగినది క్లుప్తంగా ఇది. దంపతులిద్దరూ ఉద్యోగస్తులు. తొమ్మిదేళ్ల కూతురు, ఐదేళ్ల కొడుకు, మోకాళ్ల నొప్పులతో బాధపడే తల్లి వారితోనే ఉంటారు. రెండు ఇళ్లు చూశారు, రెండింటి ధరా దాదాపు 80 లక్షలే. మొదటిది భీమారం వైపు 150 గజాల్లో కొత్తగా కట్టిన డూప్లెక్సు. 2,100 చదరపు అడుగులు, నాలుగు పడకగదులు, కారు నిలిపే చోటు తప్ప ఖాళీ జాగ లేదు. రెండవది కాజీపేట వైపు పాత కాలనీలో 260 గజాల్లో ఉన్న ఒకే అంతస్తు ఇల్లు. కట్టడం 1,050 చదరపు అడుగులు, రెండు పడకగదులు, ముందు వాకిలి, వెనక పెరడు, ఒక వేప చెట్టు, ఒక జామ చెట్టు. లోపలి విశాలం వదులుకోవాలా, బయటి జాగ వదులుకోవాలా అన్నది వారి సందేహం.

ఈ నగరంలో ఇళ్లకు ప్లాన్లు గీస్తూ, కొనబోయే ఇళ్లను పరీక్షిస్తూ చాలా ఏళ్లుగా పనిచేస్తున్న సివిల్ ఇంజినీరుగా ముందు నా అభిప్రాయం చెప్పి, తర్వాత కారణాలు వివరిస్తాను. మీరు రాసిన వివరాలను బట్టి కాజీపేట ఇల్లే మీకు తగినదని నేను అనుకుంటున్నాను. అయితే ఆ ఇంటి గోడలూ స్లాబూ పరీక్షకు నిలబడాలి, కొన్న వెంటనే మీ అమ్మగారి కోసం ఇంకొక గది కట్టుకోవడానికి సరిపడా డబ్బు మీ చేతిలో మిగలాలి. ఈ రెండింటిలో ఏది లోపించినా నా సలహా మారుతుంది.

ఇల్లు కొనేటప్పుడు చాలామంది ఈనాటి కుటుంబాన్ని చూసి గదులు లెక్కపెడతారు. గదుల అవసరం ఏళ్లు గడిచేకొద్దీ పెరిగి, తర్వాత తగ్గుతుందన్న సంగతిని గుర్తుపెట్టుకోవడం అరుదు. మీ పాప ఇప్పుడు నానమ్మ గదిలో పడుకుంటుంది, బాబు మీ దగ్గర పడుకుంటాడు. రెండు పడకగదులతో ఇప్పటికిప్పుడు ఇబ్బంది లేదు. ఇంకో రెండు మూడేళ్లలో పాపకు తలుపు వేసుకుని చదువుకునే చోటు కావాలి, ఆ తర్వాత బాబుకూ కావాలి. పాప ఇంటర్ పూర్తిచేసి హైదరాబాదుకో మరో చోటికో చదువుకు వెళ్లే వరకు, అంటే సుమారు ఆరేళ్ల పాటు, నాలుగు గదులకూ నిజంగా పని ఉంటుంది. బాబు కూడా వెళ్లాక మళ్లీ రెండు గదుల అవసరమే మిగులుతుంది. గృహరుణం మాత్రం ఇరవై ఏళ్లు నడుస్తుంది. సుబేదారి, విద్యానగర్ వంటి కాలనీల్లో పిల్లలు స్థిరపడి వెళ్లిపోయిన ఇళ్లను నేను తరచుగా చూస్తుంటాను. పై అంతస్తు గదులకు తాళాలు వేసి, పెద్దవాళ్లిద్దరూ కింద ఒక గదిలోనూ వంటింట్లోనూ కాలం గడుపుతుంటారు. ఖాళీ జాగ అవసరం దీనికి భిన్నంగా నడుస్తుంది. పిల్లలు చిన్నవాళ్లుగా ఉన్నప్పుడు, ఇంట్లో వృద్ధులు ఉన్నప్పుడు అది ఎక్కువ ఉపయోగపడుతుంది, అంటే మీ ఇంట్లో ఈ రోజున. ఆ తర్వాత మీరిద్దరూ ఉద్యోగ విరమణ చేశాక మళ్లీ ఉపయోగపడుతుంది.

అలాగని లోపలి వసతిని తక్కువ చేసి చూడకూడదు. ఇరుకింట్లో రోజూ పడే ఇబ్బందిని ఎంత అందమైన పెరడూ తీర్చలేదు. రాత్రి పది గంటలకు ఒకరు చదువుకుంటూ, ఒకరు నిద్రపోతూ, ఊరి నుంచి వచ్చిన బంధువులు మాట్లాడుకుంటూ ఉన్నప్పుడు ఎన్ని తలుపులు వేసుకోగలరన్నదే నేను చూసే కొలత. మీ కుటుంబానికి మూడు పడకగదులు తప్పనిసరి, వాటిలో ఒకటి కింది అంతస్తులో, స్నానాల గది ఆనుకుని ఉండాలి. ఏడాది బియ్యం, పప్పులు, పచ్చళ్ల జాడీలు పెట్టుకునే చిన్న సామాన్ల గది ఉండాలి. మన ఇళ్లలో ఈ గది లేకపోతే బస్తాలన్నీ మంచాల కిందికో మెట్ల కిందికో చేరతాయి. ఇంతవరకు సమకూరాక, ఆపైన కొనే ప్రతి చదరపు అడుగు ఊడ్చుకోవడానికీ రంగులు వేయించుకోవడానికీ ఖర్చు పెంచుతుంది తప్ప సుఖాన్ని పెద్దగా పెంచదు. కాజీపేట ఇంట్లో ఒక గది తక్కువ పడుతుంది. పైన చెప్పిన ఆరేళ్లు తప్పిస్తే డూప్లెక్సులో ఒక గది ఎక్కువవుతుంది. తక్కువైన దాన్ని కట్టుకునే వీలుంది, లేని నేలను తెచ్చుకునే వీలు లేదు కాబట్టి నేను అటు మొగ్గుతున్నాను.

ఇప్పుడు డూప్లెక్సు లెక్క చూద్దాం, ఎందుకంటే దానిలో నాకు ఒక అనుమానం కలిగింది. 150 గజాలంటే 1,350 చదరపు అడుగులు, సుమారు 125 చదరపు మీటర్లు. మన రాష్ట్రంలో 2012 భవన నిర్మాణ నిబంధనల ప్రకారం 100 నుంచి 200 చదరపు మీటర్ల ప్లాటులో మామూలు కాలనీ రోడ్డు మీద ముందు మీటరున్నర, మిగిలిన మూడు వైపులా మీటరు చొప్పున ఖాళీ వదలాలి. ప్లాటు 30 అడుగుల వెడల్పు, 45 అడుగుల పొడవు అనుకుంటే, ఆ సెట్‌బ్యాకులన్నీ వదిలాక కట్టుకోవడానికి మిగిలేది సుమారు 860 చదరపు అడుగులే. రెండు అంతస్తులూ కలిపితే 1,720 దాటదు. మీకు 2,100 అని చెప్పారు. బిల్డర్లు చెప్పే లెక్కలో బాల్కనీలు, మెట్లు కూడా కలిసి ఉండవచ్చు కనుక తేడా అంతా అతిక్రమణే అని అనను. కానీ మంజూరైన ప్లాను తీసుకుని, టేపు పెట్టి, పక్క గోడకూ ప్రహరీకీ మధ్య దూరం మీరే కొలవండి. ప్లానులో ఉన్నదానికంటే ఎక్కువ కట్టి ఉంటే ఆ భారం ఇల్లు కొన్నవారి మీదే పడుతుంది. బ్యాంకు కూడా మంజూరైన మేరకే విలువ కట్టే అవకాశం ఉంటుంది.

ఇంకొక సంగతి. డూప్లెక్సులో లోపలి మెట్లు ఒక్కో అంతస్తులో ఎనభై నుంచి వంద చదరపు అడుగులు తింటాయి. పై హాలు అని చూపించే చోటు చాలా ఇళ్లలో గదుల మధ్య నడిచే దారిగానే మిగిలిపోతుంది. నాలుగు పడకగదుల్లో మూడు పైనే ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న మీ అమ్మగారు కింది గదికీ హాలుకే పరిమితమవుతారు, పిల్లలు పైకి వెళ్లిపోతారు, ఆవిడ రోజంతా ఒంటరిగా గడపవలసి వస్తుంది. పల్లె నుంచి వచ్చిన పెద్దవాళ్లకు తెల్లవారగానే వాకిలి ఊడ్చి, అలుకు చల్లి, ముగ్గు వేసి, గేటు దగ్గర నిలబడి నలుగురిని పలకరించడం రోజు మొదలయ్యే తీరు. వంగి ముగ్గు వేయలేకపోయినా వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చోగలగడం వారికి చాలా పెద్ద ఊరట. ఇల్లు ఎంచుకునేటప్పుడు దీన్ని నేను గది వైశాల్యమంత బరువైన విషయంగానే లెక్కిస్తాను.

ఎండ విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర ఇంటి సుఖాన్ని నిర్ణయించేది ఏప్రిల్, మే నెలలే. వరంగల్ ఉత్తర అక్షాంశం 18 డిగ్రీల దగ్గర ఉంది కనుక మే రెండో వారం నుంచి జూలై చివరి వరకు మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి దగ్గరగా, కొద్దిగా ఉత్తరానికి వాలి ఉంటాడు. అంటే వేడిలో ఎక్కువ భాగం స్లాబు మీద పడుతుంది, సాయంత్రానికి పడమటి గోడ మీద పడుతుంది. పగలంతా పీల్చుకున్న వేడిని కాంక్రీటు రాత్రి లోపలికి వదులుతుంది. డూప్లెక్సులో ఆ స్లాబు కిందే మీ పిల్లల పడకగదులు ఉంటాయి. పాత ఇంట్లో ఇల్లంతా స్లాబు కిందే ఉంటుంది. కాబట్టి పెరడున్న ఇల్లు దానంతట అదే చల్లగా ఉంటుందని అనుకోకండి. స్లాబుకు తెల్లటి కూల్ రూఫ్ పూత వేయించుకోవడం రెండు ఇళ్లకూ అవసరమే. రాష్ట్ర ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానంలో చిన్న ఇళ్లకు దీన్ని తప్పనిసరి చేయలేదు, అయినా ఖర్చుకు తగిన ఫలితం ఇచ్చే పని ఇది.

తేడా ఎక్కడ వస్తుందంటే గాలిలోనూ నేలలోనూ వస్తుంది. రెండు డూప్లెక్సులు పక్కపక్కన నిబంధన ప్రకారం కట్టినా కిటికీకి ఎదురుగా రెండు మీటర్ల దూరంలో పక్కింటి గోడ ఉంటుంది, నిబంధన తప్పితే అంతకంటే దగ్గరగా ఉంటుంది. ఆ సందులో గాలి ఆడదు, రెండు గోడలూ ఒకదాని వేడిని ఒకటి పంచుకుంటాయి. చుట్టూ మట్టి నేల, చెట్టు నీడ ఉన్న ఇంట్లో సాయంత్రం నీళ్లు చల్లి కిటికీలు తెరిస్తే లోపలికి వచ్చే గాలి వేరుగా ఉంటుంది. మీరు చెప్పిన వేప చెట్టు ఇంటికి ఏ దిక్కున ఉందో చూడండి. పడమట గాని, నైరుతి వైపు గాని ఉంటే దాని విలువ ఎంతో. తూర్పు, ఉత్తరాల్లో ఎక్కువ ఖాళీ వదిలి పెద్ద చెట్లను దక్షిణ, పశ్చిమాల్లో పెంచాలని వాస్తు చూసేవారు చెప్పే మాట ఎండ లెక్కతో కూడా సరిపోతుంది.

ఖాళీ జాగను గజాల్లో లెక్కపెట్టి సంతోషపడకండి, దాని వెడల్పు చూడండి. 260 గజాలంటే 2,340 చదరపు అడుగులు. కట్టడం పోగా 1,290 మిగులుతుంది. వినడానికి ఇది చాలా ఎక్కువ. కానీ ఇల్లు ప్లాటు నడిమధ్య కట్టి, చుట్టూ నాలుగైదు అడుగుల సందులు మాత్రమే ఉంటే ఆ 1,290 అడుగుల్లో పిల్లలు ఆడుకోలేరు, మంచం వేసుకోలేరు, బట్టలు ఆరేయడానికి, గ్యాస్ బండ పెట్టుకోవడానికి మాత్రమే పనికొస్తుంది. ఎటో ఒక వైపు కనీసం పన్నెండు అడుగుల వెడల్పున ఒకే ముక్కగా నేల ఉన్నప్పుడే దాన్ని వాకిలి అనో పెరడు అనో పిలవవచ్చు. ఖాళీ ఎటువైపు ఎంత ఉందో మీరు రాయలేదు. వెళ్లి కొలిచి, కాగితం మీద బొమ్మ వేసుకోండి. కొత్త గది ఎక్కడ వస్తుందో, అది వచ్చాక ఆ పెద్ద ముక్క చెడకుండా ఉంటుందో లేదో ఆ బొమ్మలోనే తేలిపోతుంది. పక్క ప్లాటు ఖాళీగా ఉంటే రేపు అక్కడ మూడు అంతస్తులు లేస్తాయని అనుకునే చూడండి. అప్పుడు మీ పెరట్లో ఎండ ఎంత పడుతుంది, పక్కవారి కిటికీలు ఎటు తెరుచుకుంటాయి అన్నది ఇప్పుడే ఊహించుకోవాలి.

పెరడు చాకిరీ చేయించుకుంటుంది, దీన్ని దాచిపెట్టి సలహా ఇవ్వడం సరి కాదు. వేప ఆకు రాలే కాలంలో రోజూ ఊడవాలి. వానాకాలంలో గడ్డి మోకాలెత్తు పెరుగుతుంది, పాముల భయం ఉంటుంది, పాత టైర్లలోనూ పూలకుండీల పళ్లేలలోనూ నిలిచిన మంచినీటిలో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. అన్నిటికంటే పెద్ద సమస్య కోతులు. కాజీపేట, హనుమకొండ, హసన్‌పర్తి ఏ వైపు వెళ్లినా కోతుల గుంపులు కనిపిస్తాయి; జామ చెట్టు ఉన్న ఇంటికి అవి తప్పకుండా వస్తాయి, కాయలు తిని ఊరుకోక వంటింటి కిటికీ దాకా చేరతాయి. జామ చెట్టును కొట్టేయమని చెప్పను గాని, వంటింటికీ వెనక వరండాకూ గ్రిల్లు పెట్టించుకోవడానికి కొంత డబ్బు పక్కన పెట్టుకోండి. కొత్తగా నాటేవి కరివేపాకు, నిమ్మ, మిరప, పసుపు, పుదీన వంటివైతే కోతులు పెద్దగా ముట్టవు. బంతి, చేమంతి వేసుకుంటే బతుకమ్మ నాటికి గునుగు, తంగేడు మాత్రమే బయటి నుంచి తెచ్చుకోవలసి ఉంటుంది.

మీరిద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు కనుక ఈ పనులు ఎవరు చేస్తారన్నది కొనకముందే తేల్చుకోండి. ఇప్పుడున్న అద్దె ఇంట్లో నాలుగు కుండీలైనా పెంచుతున్నారా, వాటికి రోజూ నీళ్లు పోసేది ఎవరు అన్నది నమ్మదగిన ఆధారం. కుండీలు కూడా లేని ఇంట్లో పెరడు మీద మోజు రెండు వానాకాలాలు దాటి నిలవడం నేను అరుదుగా చూశాను. ఆ తర్వాత మట్టి మీద గచ్చు చేయిస్తారు, లేదా పార్కింగ్ టైల్స్ పరిపిస్తారు, చెట్టు ఆకు రాలుస్తుందని దాన్ని కూడా తీసేస్తారు. అలా గచ్చుగా మారబోయే పెరడు కోసం గదులు వదులుకోవడం నష్టం. మీ అమ్మగారికి మొక్కల మీద ఇష్టం ఉందని మీరు రాశారు కనుక ఆ భయం మీ విషయంలో నాకు తక్కువ. లాన్ మాత్రం వద్దు. ఐదు వందల చదరపు అడుగుల గడ్డికి ఎండాకాలంలో రోజుకు రెండు వందల లీటర్లకు పైగా నీళ్లు కావాలి; అదే జాగలో నిలదొక్కుకున్న చెట్లకు అందులో కొద్ది భాగం చాలు.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి ఇంకో రెండు విషయాలు. మొదటిది, ఖాళీ నేల ఉన్న ఇంట్లో బోరును నిలబెట్టుకునే అవకాశం ఉంది. ఒక చదరపు మీటరు స్లాబు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. వంద చదరపు మీటర్ల స్లాబు మీద 900 మిల్లీమీటర్ల వాన పడితే అది 90 వేల లీటర్లు. దాన్ని పైపులతో పెరట్లో ఇంకుడుగుంతకు మళ్లిస్తే అందులో మంచి భాగం నేలలోకే దిగుతుంది. అంగుళం మట్టి కూడా లేని ప్లాటులో ఆ నీరంతా రోడ్డు మీదికి పోతుంది. బోరుకూ సెప్టిక్ ట్యాంకుకూ మధ్య దూరం ఎంతో తప్పకుండా అడగండి. చిన్న ప్లాట్లలో రెండూ పక్కపక్కనే ఉండటం పరిపాటి, 260 గజాల్లో కనీసం ఎదురెదురు మూలల్లో ఉంచుకోవచ్చు.

రెండవది వరద. 2020 ఆగస్టులోనూ, 2023 జూలైలోనూ హనుమకొండ, వరంగల్ కాలనీల్లోకి నీళ్లు ఎలా వచ్చాయో మీకు తెలుసు. కాకతీయుల కాలం నుంచి గొలుసుకట్టు చెరువులతో అల్లుకున్న ఊరు ఇది. ఆ చెరువులను కలిపే కాలువల దారుల్లో ఇళ్లు లేచిన చోటల్లా నీరు తన పాత దారి వెతుక్కుంటుంది. ఇల్లు అమ్మేవారిని అడగకండి. నాలుగు ఇళ్ల అవతలి కిరాణా కొట్టు వారిని అడగండి, నీళ్లు ఎంతవరకు వచ్చాయో గోడ మీద చేయి పెట్టి చూపిస్తారు. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ హద్దు (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే అంచు) నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువుకు 9 మీటర్లు, పది మీటర్ల కంటే వెడల్పైన నాలాకు 9 మీటర్లు బఫర్‌గా వదలాలని నిబంధన. ఆ హద్దుల్లో ఉన్నది ఎంత పెద్ద పెరడైనా, ఎన్ని గదులైనా నేను కొనమని చెప్పను. పాత కాలనీల్లో మరో ప్రమాదం కూడా ఉంది. పాత రోడ్డు మీద కొత్త రోడ్డు వేస్తూ పోవడం వల్ల రోడ్డు ఎత్తు పెరిగి, ముప్పై ఏళ్ల కిందట కట్టిన ఇంటి వాకిలి రోడ్డు కంటే లోతులో పడిపోతుంది. అటువంటి వాకిలి ప్రతి వానకూ గుంట అవుతుంది. మట్టి పోయించి వాకిలి ఎత్తు పెంచాలంటే ఇంటి గడప ఎత్తు కూడా సరిపోవాలి. కాజీపేట ఇంటికి వెళ్లినప్పుడు రోడ్డు నుంచి గడప ఎన్ని అంగుళాల పైన ఉందో మొదట చూడండి.

ఇక ఆ ఇంటి కట్టడం. మన ప్రాంతంలో ఆ వయసు ఇళ్లు చాలావరకు పిల్లర్లు లేకుండా, రాతి పునాది మీద తొమ్మిది అంగుళాల ఇటుక గోడలు లేపి, వాటి మీదే స్లాబు వేసినవి. అలాంటి ఇంట్లో మధ్య గోడను తీసేసి హాలు పెద్దది చేసుకుందామన్న ఆలోచన పెట్టుకోకూడదు, ఆ గోడే స్లాబును మోస్తుంటుంది. పైన ఇంకో అంతస్తు వేయడం కూడా పునాది తవ్వి చూడకుండా నిర్ణయించే విషయం కాదు. అందుకే కొత్త గదిని పాత ఇంటికి ఆనించి, దాని సొంత పిల్లర్ల మీద, సొంత స్లాబుతో కట్టమని చెబుతున్నాను. రెండు కట్టడాల మధ్య అంగుళం సందు వదిలి మూస్తే, ఒకటి కుంగినా రెండవ దానికి పగుళ్లు రావు. పదకొండు అడుగులకు పదమూడు అడుగుల గది, ఐదుకు ఎనిమిది స్నానాల గది, గోడల మందంతో కలిపి 220 చదరపు అడుగుల్లో వస్తుంది. అప్పటికీ వెయ్యి చదరపు అడుగులకు పైగా ఖాళీ మిగులుతుంది. రేపు అవసరమైతే ఈ కొత్త పిల్లర్ల మీద పైన మరో గది వేసుకునేలా ఇప్పుడే డిజైన్ చేయించండి; అలా చేస్తే బాబు గది కోసం మళ్లీ నేల ఖర్చు కాదు. 500 చదరపు మీటర్ల లోపు ప్లాటులో పది మీటర్ల ఎత్తు లోపు ఇళ్లకు స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి ఇచ్చే పద్ధతి 2020 చట్టంతో వచ్చింది కనుక, కొత్త గదిని అనుమతి లేకుండా కట్టడానికి ఏ కారణమూ లేదు. 

స్లాబు అడుగున సున్నం ఉబ్బి, పెచ్చులు ఊడి, తుప్పు పట్టిన ఇనుము కనిపిస్తోందేమో ప్రతి గదిలోనూ చూడాలి. స్నానాల గది, వంటింటి పైకప్పుల్లో ఇది ముందుగా బయటపడుతుంది. ఒకటి రెండు చోట్ల అయితే బాగుచేయవచ్చు, ఇల్లంతా అదే తీరైతే ఆ ఇంటికి నేల ధర తప్ప ఇంకేమీ ఇవ్వకండి. ద్వారబంధాలకు చెదలు, పాత కరెంటు వైర్లు, నల్లా పైపులు మామూలుగా ఉండేవే, వాటికి భయపడనవసరం లేదు. గోడల్లో ఏటవాలు పగుళ్లు ఉంటే మాత్రం నేల ఏ రకమో చూడాలి. నల్లరేగడి అయితే వానకు ఉబ్బి, ఎండకు కుంగి, పునాదిని కదిలిస్తూ ఉంటుంది, గోడకు దగ్గరగా ఉన్న పెద్ద చెట్టు ఆ కదలికను పెంచుతుంది.

డబ్బు లెక్క ఇంట్లో అందరూ కూర్చుని వేసుకోవాలి. 80 లక్షల ఇంటికి, రుణం 30 లక్షలు దాటి 75 లక్షల లోపు ఉంటే, రిజర్వ్ బ్యాంకు పరిమితి ప్రకారం విలువలో 80 శాతానికి మించి రుణం రాదు. అంటే గరిష్ఠంగా 64 లక్షలు. మిగిలిన 16 లక్షలు మీవి. రిజిస్ట్రేషన్ ఖర్చు మొత్తం ఏడున్నర శాతం, సుమారు 6 లక్షలు. దీన్ని ఇంటి విలువలో కలిపి రుణం ఇవ్వరు. డూప్లెక్సుకు చేతిలో 22 లక్షలు ఉంటే సరిపోతుంది. పాత ఇంటికి కొత్త గది, చిన్న పని కనుక రేటు కొంచెం ఎక్కువే పడుతుంది, 5 నుంచి 6 లక్షలు; వైరింగు, పైపులు, స్లాబు పూత, గ్రిల్లులు, రంగులకు మరో 4 లక్షలు అనుకోండి. అంటే 32 లక్షలు కావాలి. పని జరిగే నాలుగైదు నెలలూ ఇప్పటి ఇంటి అద్దె కూడా కట్టాలి. ఈ పది లక్షల తేడాను బంగారం తాకట్టు పెట్టో, ఎక్కువ వడ్డీకి అప్పు తెచ్చో పూడ్చవలసి వస్తే పాత ఇల్లు వద్దు. గది కట్టలేక రెండు పడకగదుల్లోనే సర్దుకుంటూ పాప పదో తరగతికి చేరితే, ఆ ఇంట్లో పెరడు ఉన్నా ఎవరికీ శాంతి ఉండదు.

అమ్మగలిగే విలువ సంగతి ఒక్క మాటలో చెబుతాను. పదిహేను, ఇరవై ఏళ్ల తర్వాత ఇల్లు అమ్మినా కొన్నా లెక్కలోకి వచ్చేది ప్రధానంగా నేలే; ఒకే డబ్బుకు 150 గజాలు ఒక చోట, 260 గజాలు ఒక చోట వస్తున్నప్పుడు కాలనీ, రోడ్డు, కాగితాలు సమానమైతే పెద్ద ప్లాటు నిలబడుతుంది.

డూప్లెక్సును ఎంచుకోవలసిన పరిస్థితులు కూడా ఉన్నాయి. పిల్లల బడి, మీ ఇద్దరి ఉద్యోగాలు భీమారం వైపే ఉండి, కాజీపేట నుంచి రోజూ ఊరు దాటి రావలసి వస్తే, ఆ ప్రయాణంలో పోయే సమయం పెరట్లో గడపబోయే సమయాన్ని మింగేస్తుంది. పెళ్లికాని తమ్ముడో చెల్లెలో మీ దగ్గరే ఉండబోతుంటే, లేదా మీలో ఒకరు ఇంటి నుంచే పనిచేస్తుంటే నాలుగో గదికి నిజంగానే పని ఉంటుంది. ఆ పరిస్థితుల్లో డూప్లెక్సే తీసుకోండి. అయితే కింది గదిని అమ్మగారికి ఇచ్చి, ఆ స్నానాల గదిలో పట్టుకునే కడ్డీలు బిగించి, దాబా మీద మట్టి కుండీలకు భారం లెక్క చూయించి ఒక మూల పచ్చదనం ఏర్పాటు చేసుకోండి. దాబా మీద నేరుగా మట్టి పోయించడం మాత్రం వద్దు. తడి మట్టి అడుగు మందాన పరిస్తే చదరపు అడుగుకు యాభై కిలోల దాకా బరువు పడుతుంది, మామూలు ఇంటి స్లాబును దానికోసం వేయరు.

బయానా ఇవ్వకముందు ఈ వారంలోనే చేయగలిగినవి చెబుతాను. డూప్లెక్సు మంజూరు ప్లాను నకలు అడిగి తీసుకోండి. ఇవ్వడానికి వెనుకాడితే అక్కడితో ఆపేయండి. కాజీపేట ఇంటికి ఉదయం ఒకసారి, మధ్యాహ్నం మూడు గంటలకు ఒకసారి మీ అమ్మగారిని వెంటబెట్టుకుని వెళ్లండి. ఒక స్ట్రక్చరల్ ఇంజినీరును ఫీజు ఇచ్చి పిలిపించి, స్లాబును సుత్తితో కొట్టి చూడమని, పునాది దగ్గర ఒక మూల రెండడుగులు తవ్వి చూడమని చెప్పండి. తవ్వడానికి యజమాని ఒప్పుకోవాలి కనుక ముందే అడగండి. ముప్పై ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే రిజిస్ట్రేషన్ శాఖ పత్రం) తీయించి, ఇల్లు ఒకరి నుంచి ఒకరికి చేతులు మారిన లింకు దస్తావేజులన్నీ వరుసగా ఉన్నాయో లేదో లాయరుతో చూయించండి. ఇంజినీరు రాసిచ్చే మరమ్మతుల జాబితాను యజమాని ముందు పెట్టి ధర మాట్లాడండి. పాత ఇంటి విషయంలో ఆ జాబితా చూపితే కొంత ధర తగ్గించడం మామూలుగా జరిగేదే, తగ్గిన ప్రతి రూపాయీ మీ అమ్మగారి గది పునాదికి పనికొస్తుంది.